చీర ఫాల్‌కీ గుండె వాల్వ్‌కీ ఒకటే చిక్కు

పోయిన నెల ఈ పేజీలో టావీ గురించి రాశాను. ఛాతీ కోయకుండా తొడ దగ్గర రక్తనాళంలోంచి గొట్టం పంపించి గుండెలో కొత్త వాల్వ్ పెట్టే పద్ధతి అది. మాటల మధ్యలో "ఈ వాల్వులకి కుట్లు ఇప్పటికీ మనుషులే చేత్తో వేస్తారు" అని ఒక్క వాక్యం పడింది. మిగతా వ్యాసాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఉత్తరాలన్నీ ఆ వాక్యం మీదే. ఒకాయన అయితే "రాకెట్లు పంపే రోజుల్లో ఈ కోతలేంటి" అని కోప్పడ్డారు. నేను రాసుకుని బతకడం మొదలుపెట్టక ముందు కొన్నేళ్ళు వైద్య పరికరాల తయారీలోనే పనిచేశాను, కోతలు కాదండీ. ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: మా నాన్నగారికి 79 ఏళ్ళు. రెండు నెలల క్రితం హైదరాబాద్‌లో టావీ చేశారు, బాగానే తిరుగుతున్నారు. మీరు రాసింది చదివాక ఆయనకి చెప్పకుండా నేనొక్కదాన్నే టెన్షన్ పడుతున్నాను. చేత్తో కుట్టింది అంటే ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది కదా? ఎవరో అలసిపోయి కుట్టింది మా నాన్నకి వచ్చి ఉంటే? — ఒక పాఠకురాలు, పాలకొల్లు

అమ్మా, మీ పక్కనే నరసాపురం. లేసు అల్లేవాళ్ళ చేతులు చూస్తూ పెరిగి ఉంటారు, చెయ్యి అంటే నమ్మకం లేదంటే ఎలా!

మీ నాన్నగారి గుండెలో ఉన్నదాన్ని ఇలా ఊహించుకోండి. జల్లెడలా కోసిన సన్నటి లోహపు గొట్టం ఒకటి. మనుషులకి సరిపడే సైజులు ఎక్కువగా 20 నుంచి 29 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి, అంటే మన రూపాయి బిళ్ళకి కాస్త అటూ ఇటూ. దాని లోపల మూడు రేకులు, పువ్వులా తెరుచుకుని మూసుకుంటాయి. ఆ రేకులు ఆవు గుండె చుట్టూనో పంది గుండె చుట్టూనో సంచిలా ఉండే పొరలోంచి కోసినవి. ఆ పొరని గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంలో నానబెడతారు, దాంతో అది కుళ్ళదు, మన శరీరమూ దాన్ని పరాయిదని పెద్దగా గుర్తుపట్టదు. రక్తం పక్కనుంచి కారకుండా గొట్టం కింది భాగానికి చాలా రకాల్లో పాలిస్టర్ గుడ్డ ఉంటుంది. ఈ రేకుల్ని, గుడ్డని, లోహాన్ని కలిపి పట్టి ఉంచేది దారం. ఒక్కో వాల్వ్‌కి వందల్లో కుట్లు పడతాయి, కొన్ని రకాలకి వెయ్యి దాటతాయి.

ఒక్క కుట్టు ఎలా పడుతుందో నేను చూసింది చెప్తాను. ఒకమ్మాయి మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఉంది, తల నుంచి కాళ్ళ దాకా తెల్ల గౌను, మాస్కు, గ్లౌజులు. ఎడం చేతి ఫోర్సెప్స్‌తో రేకు అంచుని పట్టుకుంది, పట్టుకున్నట్టు కూడా కాదు, ఆనించింది అనాలి, గట్టిగా నొక్కితే ఆ చోట పొర నలిగి మచ్చ పడుతుంది, మచ్చ పడితే ఆ రేకు చెత్తబుట్టలోకే. కుడి చేతిలో నీడిల్ హోల్డర్, దాని కొసన వంపు తిరిగిన బుల్లి సూది, తలవెంట్రుక మందం దారం. గుచ్చింది, సూదిని వదిలింది, అవతలి వైపు నుంచి పట్టుకుంది, లోహపు ఊచ చుట్టూ తిప్పింది, దారం మొత్తం లాగింది, చివరి అంగుళం దగ్గర నెమ్మదించి, పొర ఊచకి ఆనగానే ఆగిపోయింది. ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుందని అడిగితే "తెలుస్తుంది సార్" అంది. మధ్యమధ్యలో పొర ఎండకుండా సెలైన్ చుక్కలు. అలా ఒక్క వాల్వ్‌కి గంటలు పడుతుంది, కొన్నిటికి రోజు దాటుతుంది.

ఇక మీ భయం. అలసిపోయిన చెయ్యి వేసిన కుట్టు మీ నాన్నగారి దాకా రావడం అంత తేలిక కాదు. కుట్టినామె చూసుకున్నాక వేరేవాళ్ళు మళ్ళీ మైక్రోస్కోప్ కింద కుట్టు కుట్టూ చూస్తారు, తర్వాత నీళ్ళలాంటి ద్రవం కొట్టి రేకులు సరిగ్గా మూసుకుంటున్నాయా లేదా అని చూస్తారు. ఒక డిజైన్ బయటికి రావాలంటే ముందు నమూనా వాల్వుల్ని యంత్రంలో పెట్టి 20 కోట్ల సార్లు తెరిపించి మూయించాలి. గుండె రోజుకి దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది, లెక్కేసుకోండి, ఐదేళ్ళ పైమాటే. చేత్తో కుట్టినవే ఆ పరీక్ష నెగ్గాయి. 2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలెన్ క్రిబియే మొట్టమొదటి టావీ చేసిన రోజు నుంచి ఇప్పటి దాకా లక్షల మంది ఈ వాల్వులతో తిరుగుతున్నారు.

టెన్షన్ పడాల్సింది వేరే ఉంది. ఆస్పత్రి వాళ్ళు వాల్వ్ నంబరుతో ఒక కార్డు ఇచ్చి ఉంటారు, అది బీరువాలో కాదు, నాన్నగారి పర్సులో ఉండాలి. పన్ను పీకించుకోవడానికో క్లీనింగ్‌కో వెళ్ళేటప్పుడు వాల్వ్ ఉందని డెంటిస్టుకి ముందే చెప్పాలి, దానికి ముందు యాంటీబయాటిక్ వేసుకోవాల్సి ఉంటుంది. చాలామంది ఇది మర్చిపోతారు.

ప్రశ్న: నాది చీరాలలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు. 15 సూదుల మిషన్, నిమిషానికి 800 కుట్లు ఆడుతూ పాడుతూ వేస్తుంది. మీ వాల్వ్‌కి వెయ్యి కుట్లే అంటున్నారు, మా మిషన్‌కి అది నిమిషంన్నర పని. లక్షలు పోసి కొనే వస్తువుని ఇంకా చేత్తో కుట్టించడం ఏంటండీ? — ఒక మాస్టర్, చీరాల

మాస్టారూ, ఈ పేజీకి ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే. జవాబు కూడా మీ షాపులోనే ఉంది. మీ దగ్గర అంత మిషన్ ఉంది కదా, జాకెట్టుకి హుక్కులు ఎవరు కుడుతున్నారు? చీరకి ఫాల్ ఎవరు కుడుతున్నారు? ఫాల్ మిషన్ మీద వేసిస్తామంటే ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది? వీధి చివర ఇంట్లో ఎవరో ఒకావిడ సూదితో కుట్టి ఇస్తోంది కదా. ఎందుకంటారు?

మీ మిషన్‌లో సూది ఎప్పుడూ సూదిబారుని వదలదు. పైనుంచి దిగుతుంది, కింద దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది, కింద తిరిగే కొక్కెం ఆ ఉచ్చుని లాక్కుని బాబిన్ చుట్టూ తిప్పేస్తుంది, రెండు దారాలు గుడ్డ మందంలో ముడిపడతాయి. అద్భుతమైన ఆలోచన. కానీ దానికి మూడు కావాలి: గుడ్డ బల్లపరుపుగా రింగులో బిగించి ఉండాలి, కింద బాబిన్ పెట్టుకునే చోటు ఉండాలి, ప్రతిసారీ అదే మందం అదే గుడ్డ రావాలి. వాల్వ్‌లో మూడూ లేవు. అది రూపాయి బిళ్ళంత గొట్టం, లోపల బాబిన్, కొక్కెం పట్టే చోటే లేదు. కుట్టు పొరలోంచి మాత్రమే పోదు, లోహపు ఊచ చుట్టూ తిరిగి రావాలి, అచ్చం మీ హుక్కు కుట్టులా. ఊచని పొడిచి వెళ్ళలేం, పక్కనుంచే వెళ్ళాలి, ఒక్క వెంట్రుక వాసి తప్పితే సూది లోహానికి తగిలి మొన పోతుంది.

పొర సంగతి అసలు అడక్కండి. మీరు ఒక తాను సాటిన్ తెస్తే మొదటి మీటరూ చివరి మీటరూ ఒకటే. ఈ పొర ఒక్కో జంతువుది ఒక్కో మందం, అర మిల్లీమీటరు లోపే ఉంటుంది, ఒకే పొరలో ఈ మూలకీ ఆ మూలకీ సాగే గుణం మారుతుంది. పైగా తడి, జారుతుంది. మీరు టెన్షన్ నట్టు ఒకసారి తిప్పి సెట్ చేసుకుంటే రోజంతా నడుస్తుంది, ఇక్కడ ప్రతి కుట్టుకీ ఆ నట్టు కొత్తగా తిప్పాలన్నమాట, ఆ తిప్పేదే ఆ అమ్మాయి చెప్పిన "తెలుస్తుంది సార్".

ఒక్క కుట్టు బిగుసుకుంటే కొంపేం మునుగుతుంది అంటారేమో. మునిగింది. 1970ల్లో, 80ల్లో ఐయొనెస్కు–షైలీ అని ఒక వాల్వ్ బాగా వాడారు, ఆవు పొరతోనే చేసింది. రేకులు సరిగ్గా కలవడానికి మూల దగ్గర ఒక కుట్టు వేసేవాళ్ళు. కొన్నేళ్ళకి చాలామందిలో రేకు సరిగ్గా అక్కడి నుంచే చిరగడం మొదలైంది. ప్రతి కుట్టూ ఒక కన్నమే కదా, లాగుడంతా ఆ కన్నం మీద పడితే రోజుకి లక్ష సార్లు ఊగే రేకు ఎన్నాళ్ళు ఆగుతుంది. తర్వాత వచ్చిన డిజైన్లు ఆ కుట్టుని తీసేసి వేరే దారి చూసుకున్నాయి.

అలాగని మిషన్ ఈ రంగంలోకి రాలేదని కాదు, ఎప్పుడో వచ్చింది. 1950ల్లో అమెరికాలో హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ అనే సర్జన్, పాడైన పెద్ద రక్తనాళం స్థానంలో గుడ్డ గొట్టం పెట్టొచ్చేమో అనుకుని బట్టల షాపుకి వెళ్ళాడు. నైలాన్ కావాలన్నాడు, అయిపోయిందన్నారు, ఈ డాక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డ కొత్తగా వచ్చింది తీసుకెళ్ళండి అన్నారు. ఇంటికి తెచ్చి భార్య కుట్టుమిషన్ మీద గొట్టాలు కుట్టుకున్నాడు. కుట్టుపని ఆయనకి చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పింది. షాపులో నైలాన్ స్టాకు ఉండి ఉంటే చరిత్ర ఎలా ఉండేదో మరి. ఆ తర్వాత అసలు కుట్టే అక్కర్లేకుండా గొట్టాన్ని గొట్టంలాగే నేసే, అల్లే యంత్రాలు తయారుచేశారు. ఇంగ్లండులో అయితే మీ మిషన్ లాంటిదానితోనే, నీళ్ళలో కరిగిపోయే గుడ్డ మీద ఎంబ్రాయిడరీ వేసి, గుడ్డ కరిగించేసి, మిగిలిన దారపు అల్లికని భుజం ఆపరేషన్లలో వాడేలా ఇంప్లాంట్లు చేశారు. పరుపుగా ఉన్నదీ గొట్టంలా ఉన్నదీ ఎప్పుడో మిషన్ చేతికి వెళ్ళిపోయింది. మెత్తనిదాన్ని గట్టిదానికి కట్టే చోటే ఇంకా చేతిలో ఉంది, అది జాకెట్టు హుక్కు అయినా సరే, గుండె వాల్వ్ అయినా సరే.

ఇంకో సంగతి, కుట్టుమిషన్ పుట్టిన కథే చూడండి. చేతి కుట్టుని మక్కీకి మక్కీ యంత్రంతో వేయించాలని చూసినవాళ్ళు విఫలమయ్యారు. 1846లో ఎలియాస్ హోవే పేటెంట్ తీసుకున్న మిషన్‌లో సూది కన్ను మొన దగ్గర ఉంది, రెండో దారం ఉంది. అది చేతి కుట్టు కానే కాదు, కొత్త కుట్టు. వాల్వ్ విషయంలోనూ అంతే జరుగుతుందని నా గట్టి నమ్మకం. ఆ అమ్మాయి చేతిని అనుకరించే రోబో కాదు, యంత్రానికి వీలైన కుట్టు పడేలా వాల్వ్‌నే మార్చి గీసేవాళ్ళు గెలుస్తారు. కాకపోతే బట్టల డిజైన్ మార్చినట్టు దీన్ని మార్చలేరు. ఒక్క కుట్టు జాగా మార్చినా పరీక్షలు మళ్ళీ, అనుమతులు మళ్ళీ. అందుకే కంపెనీలు భయపడి పాతదాన్నే పట్టుకుని వేలాడతాయి.

ప్రశ్న: మేం శాకాహారులం. అమ్మకి వాల్వ్ మార్చాలన్నారు. అది ఏ జంతువుదో డాక్టర్‌ని అడగొచ్చా, అడిగితే ఏమనుకుంటారో? — ఒక పాఠకుడు, తెనాలి

నిక్షేపంగా అడగండి, ఏమీ అనుకోరు, వాళ్ళకి రోజూ ఉండే ప్రశ్నే. టావీ వాల్వులు ఇప్పటికైతే ఆవు పొరవో పంది పొరవో. జంతువుది వద్దనుకుంటే లోహమూ కార్బన్ లాంటివాటితో చేసే మెకానికల్ వాల్వ్ ఉంది, కానీ దానికి ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాలి, జీవితాంతం రక్తం పల్చబడే మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తరచూ చేయించాలి. వయసు పైబడినవాళ్ళకి అది మామూలు ఇబ్బంది కాదు. ఆపరేషన్ ముందురోజు కాదు, ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. నిర్ణయం అమ్మగారిది, మీది కాదు.

ప్రశ్న: కాకినాడలో మెకానికల్ మూడో సంవత్సరం. అమెరికాలో స్టార్ అనే రోబో మనిషి సాయం లేకుండా పంది పేగులు కుట్టేసిందని చదివాను. బతికున్న పేగు కుట్టినది బల్ల మీద పెట్టిన వాల్వ్ కుట్టలేదా సర్? ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి వాల్వ్ కుట్టే రోబో చేద్దామని మా టీం ఆలోచన. — ఒక విద్యార్థి

తమ్ముడూ, చదివింది చాలావరకు నిజమే. జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు 2022లో ప్రచురించారు, నాలుగు పందుల్లో చిన్న రంధ్రాల్లోంచి పరికరాలు పెట్టి తెగిన పేగు కొసలు కలిపి కుట్టించారు. కానీ రెండు విషయాలు గమనించు.

దాని చేతిలో ఉన్నది మామూలు సూదీ పట్టుకారూ కాదు. సూది ఆ పరికరంలోనే గుండ్రంగా తిరుగుతుంది, అంటే సూదిని వదలడం మళ్ళీ పట్టుకోవడం అనే గొడవ లేకుండా చేసుకున్నారు, పైన మాస్టారికి చెప్పిందే ఇదీ. అంత పరికరం పేగుకి సరిపోతుంది. వాల్వ్‌లో ఊచకీ ఊచకీ మధ్య ఉండే సందులో దాని మూతి పట్టదు.

రెండోది ఇంకా ముఖ్యం. పేగు బతికే ఉంది. కుట్టు కాస్త అటూ ఇటూ పడినా కొన్నాళ్ళకి పేగే అతుక్కుంటుంది, ఆ తర్వాత కుట్టుతో పని లేదు. వాల్వ్ రేకు చచ్చిన పొర, అది ఎప్పటికీ అతుక్కోదు. పదేళ్ళయినా పదిహేనేళ్ళయినా దాన్ని పట్టుకుని ఉండేది ఆ దారమే. కుట్టగలగడం వేరు, ఆ కుట్టు మీద పదేళ్ళు ఆధారపడగలగడం వేరు.

బట్టల రంగంలో కూడా ఇదే తిప్పలు. రోబోకి కుట్టడం కష్టం కాదు, మెత్తటి గుడ్డని పట్టుకోవడం కష్టం. 2016లో సోబో అనే పేరుతో అమెరికాలో ఒకతను తమాషా ఉపాయం చేశాడు, గుడ్డని నీళ్ళలో కరిగే పదార్థంతో అట్టలా గట్టిపరిచి, రోబోతో టీషర్టు కుట్టించి, తర్వాత ఉతికేసి మెత్తగా చేశాడు. గంజి పెట్టిన పంచె గుర్తొచ్చింది నాకు! వాల్వ్ పొరకి అది కుదరదు, ఏం పూసినా చివర్లో ఒక్క చుక్క మిగలలేదని రుజువు చేయాలి, ఆ రుజువు కుట్టడం కన్నా కష్టం.

అందుకని రోబో వద్దు. ఫైనల్ ఇయర్‌లో అది పూర్తికాదు, మార్చిలో రాత్రుళ్ళు ఏడుస్తారు. ముందు ఒక పని చెయ్యి. మటన్ షాపులో చెప్పి మేక గుండెని పైన పొర తీయకుండా తెచ్చుకో. ఆ పొరని ఉప్పునీళ్ళలో ఉంచి, డయల్ గేజ్‌తో ఇరవై చోట్ల మందం కొలువు. అంకెలు చూశాక నా మాటలు అక్కర్లేదు. తర్వాత దాన్ని స్టీలు టీ వడపోత జల్లెడకి సన్నసూదితో పది కుట్లు నువ్వే వేసి చూడు. నేను ట్రైనింగ్‌లో మొదటిసారి ఇలాంటిది కుట్టినప్పుడు నాలుగో కుట్టుకే పొర చిరిగింది, పక్కన నేర్పే ఆవిడ నవ్వలేదు గానీ కళ్ళలో కనిపించింది.

ప్రాజెక్టుగా చేయదగ్గది ఇది. వాల్వ్‌లాంటి జల్లెడ గొట్టాన్ని పట్టుకుని, కుట్టేవాళ్ళు పాదంతో నొక్కగానే తర్వాతి కుట్టు పడాల్సిన చోటుని సరిగ్గా కళ్ళ ముందుకి తిప్పి పెట్టే స్టాండు. రెండు మూడు స్టెప్పర్ మోటార్లు, ఒక కంట్రోలర్, అంతే. చెయ్యి మనిషిదే, మెడ వంచి వాల్వ్‌ని తిప్పుకునే బాధ మాత్రం మోటారుది. పరిశ్రమలోనూ ఇలాంటి వాటి మీద బాగా పనిచేశారు, పేటెంట్లు వెతికితే దొరుకుతాయి. కెమెరా మీద ఇష్టం ఉన్నవాళ్ళు టీంలో ఉంటే, వేసిన కుట్ల మధ్య దూరం కొలిచి ఎక్కడ తేడా ఉందో ఎర్రగా చూపించే ప్రోగ్రాం రాయండి. తడి పొర మీద లైటు పడి మెరుస్తుంది, తెల్ల పొర మీద తెల్ల దారం కనపడదు, ఆ ఒక్కటి సాధిస్తే చాలు మీ పేపరు.

ప్రశ్న: బీఎస్సీ చదివాను. వైద్య పరికరాల కంపెనీలో మైక్రోస్కోప్ కింద కుట్టే పనికి సెలెక్ట్ అయ్యాను. కొన్ని నెలలు ట్రైనింగ్ అన్నారు. మా అన్నయ్య "అది టైలరింగే కదా, రేపు మిషన్ వస్తే రోడ్డున పడతావు" అంటున్నాడు. చేరాలా వద్దా? — ఒక పాఠకురాలు, సంగారెడ్డి

చేరు తల్లీ. మీ అన్నయ్యకి రెండు మాటలు చెప్పు.

ఫ్రాన్స్‌లో అలెక్సీ కారెల్ అనే డాక్టర్ ఉండేవాడు. 1894లో వాళ్ళ దేశ అధ్యక్షుణ్ణి లియోన్ నగరంలో కత్తితో పొడిచారు, పెద్ద రక్తనాళం తెగింది, దాన్ని కలిపి కుట్టడం ఆ రోజు ఏ సర్జన్‌కీ చేతకాలేదు, ఆయన చనిపోయాడు. కారెల్ ఆ ఊళ్ళోనే లేసు, ఎంబ్రాయిడరీ పనిలో చెయ్యి తిరిగిన ఒకావిడ దగ్గర కూర్చుని సన్నసూది పని నేర్చుకున్నాడు. రక్తనాళాలు కలిపి కుట్టే పద్ధతి అలా వచ్చింది, 1912లో నోబెల్ ఇచ్చారు. "టైలరింగే కదా" అంటే అవును, టైలరింగే.

మిషన్ వస్తుందా అంటే వస్తుంది, ముక్కలు ముక్కలుగా. రేకులు కోయడం చాలా చోట్ల ఇప్పటికే లేజర్ పని, మందం కొలవడమూ యంత్రాలదే. తర్వాత పోయేది గుడ్డని గొట్టంగా కలిపే తిన్నని కుట్లు. రేకుని మూలల్లో ఊచకి కట్టే కుట్టు అన్నిటికన్నా చివర్లో పోతుంది. కాబట్టి ట్రైనింగ్‌లో తిన్నని కుట్టు బాగా వచ్చేసిందని అక్కడే ఆగకు, మూలల పని అడిగి నేర్చుకో. అలాగే తనిఖీ, రికార్డులు రాయడం, కొత్త పద్ధతి పెట్టేటప్పుడు చేసే పరీక్షలు. యంత్రం వచ్చాక దానికి తప్పొప్పులు చెప్పేది ఈ పనులు తెలిసినవాళ్ళే.

ఒక చేదు విషయం కూడా చెప్పాలి. నేను చూసిన ఒక ఫ్యాక్టరీలో, పేరు వద్దులెండి, కుట్టుపని యంత్రానికి నేర్పే ప్రాజెక్టు పెట్టారు. ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న ఇద్దరు ఆడవాళ్ళని పిలిచి, చేతులకి సెన్సర్లు కట్టి, వారాల తరబడి వీడియోలు తీశారు. ఎంత లాగాలి, ఎక్కడ ఆపాలి అన్నీ వాళ్ళే చెప్పారు. చివరి ప్రెజెంటేషన్‌లో స్లైడు మీద నాతో సహా ఆరుగురు ఇంజనీర్ల పేర్లున్నాయి, వాళ్ళిద్దరివీ లేవు. జీతం చిట్టాలో వాళ్ళు ఇంకా 'హెల్పర్' పైన ఒక మెట్టే. నేనూ ఆ రోజు నోరు విప్పలేదు. వెయ్యి కుట్లలో ఒక్కటి తప్పినా ప్రాణం మీదికి వచ్చే పనికి ఆ హోదా ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాబట్టి చేరేముందు అడగాల్సినవి అడుగు. హోదా పేరేమిటి, ఏడాది తర్వాత ఎంత పెరుగుతుంది, మైక్రోస్కోప్ దగ్గర ఎంతసేపటికి ఒకసారి లేవనిస్తారు, కుర్చీ ఎత్తు మార్చుకోవచ్చా, కళ్ళ పరీక్ష వాళ్ళే చేయిస్తారా. ముక్కల లెక్కన టార్గెట్ పెట్టి దాన్నిబట్టే జీతం అంటే మాత్రం రెండుసార్లు ఆలోచించు, తొందరలో వేసే కుట్టుకి ఇక్కడ చోటు లేదు. ఇంకోటి, చేరాక గోళ్ళరంగు, కాటుక, పౌడరు క్లీన్‌రూమ్‌లోకి రానివ్వరు. పెళ్ళిళ్ళ సీజన్‌లో మెహందీ సంగతి కూడా ముందే కనుక్కో.

ప్రశ్న: ఇంత గొడవెందుకు, అసలు కుట్టే లేని వాల్వ్ చేయలేరా? అప్పుడైనా రేటు తగ్గుతుందా? — ఒక రిటైర్డ్ టీచర్, తిరుపతి

చేస్తున్నారు మాస్టారూ. అమెరికాలో ఫోల్డాక్స్ అనే కంపెనీ రేకుల్ని జంతువు పొరతో కాకుండా పాలిమర్‌తో, రోబోల సాయంతో తయారుచేస్తోంది. దాన్ని మన దేశంలో రోగులకి పెట్టి పరీక్షించారు, 2025లో ఇక్కడ అనుమతి కూడా వచ్చింది. పొర లేదు కాబట్టి నానబెట్టడం, మందాలు ఏరడం, మైక్రోస్కోప్ కింద గంటల తరబడి రేకులు కుట్టడం, ఇవేవీ లేవు. ఎన్నేళ్ళు ఆగుతుందన్నది ఏళ్ళు గడిస్తేగానీ తేలదు.

రేటు మాత్రం కుట్టుకూలి వల్ల పెరిగింది కాదు, కాబట్టి కుట్టు పోతే తగ్గుతుందని ఆశపడకండి. పరిశోధన ఖర్చు, పరీక్షలు, అనుమతులు, పోటీ తక్కువగా ఉండటం, ఇవి పెద్దవి. గుజరాత్‌లోని వాపిలో మెరిల్ వాళ్ళు చేసే మైవాల్ అనే టావీ వాల్వ్‌కి 2018లో అనుమతి వచ్చింది, రేటు మీద పనిచేసేది ఇలాంటి పోటీయే. అంతకు చాలా ముందు, 1990 డిసెంబరులో, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ వాళ్ళు సొంతంగా చేసిన మెకానికల్ వాల్వ్‌ని మొదటిసారి ఒక రోగికి పెట్టారు, విదేశీ వాల్వ్ కొనలేని ఎంతోమందికి అదే దిక్కయింది. అందులో రేకులు కుట్టే పని అసలు లేదు, మధ్యలో తిరిగేది ఒక ప్లాస్టిక్ బిళ్ళ.

కాకపోతే ఆ చిత్ర వాల్వ్ చుట్టూ పాలిస్టర్ గుడ్డతో ఒక రింగు ఉంటుంది. ఈ పాలిమర్ వాల్వ్ చుట్టూ కూడా గుడ్డ రింగు ఉంటుంది. ఎందుకంటే ఛాతీ తెరిచాక సర్జన్ దాన్ని గుండెకి కుట్టాలి కదా, చేత్తో.